నెలరోజుల జాగారం: ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను మనసుపెట్టి చూడటం ఎలా

మా నాన్న దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ ఉంది. నీలం అట్ట, అంచులు చెదలు కొట్టేశాయి. 1986 మెక్సికో ప్రపంచకప్‌ను దూరదర్శన్ చూపించినప్పుడు ఎదురింటి బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు కూర్చుని, చూసిన ప్రతి మ్యాచ్ స్కోరూ అందులో రాసుకున్నారు. గోల్ కొట్టినవాడి పేరు, ఎన్నో నిమిషమో, అంతే. జూన్ 22 పేజీలో ‘మారడోనా 51, మారడోనా 55’ అని ఉంటుంది. మొదటిది చేత్తో నెట్టిన గోల్. రెండోది సొంత సగంలో బంతి అందుకుని, అడ్డొచ్చిన ఇంగ్లండ్ వాళ్లనందరినీ దాటుకుంటూ వెళ్లి కొట్టిన గోల్. ఆ 55 కింద పెన్సిల్‌తో రెండు గీతలున్నాయి, కాగితం చిరిగేంత గట్టిగా.

ఆ మ్యాచ్ జరిగిన అజ్టెకా స్టేడియంలోనే 2026 ప్రపంచకప్ మొదలవుతుంది, జూన్ 11న, మెక్సికో, దక్షిణాఫ్రికాల మధ్య. 1970, 1986 తర్వాత ఆ మైదానానికి ఇది మూడో ప్రపంచకప్. మెక్సికోతో పాటు అమెరికా, కెనడా కూడా ఆతిథ్యమిస్తున్న ఈ టోర్నీ జూలై 19 దాకా 39 రోజులు నడుస్తుంది. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని ఇంట్లో పెరిగి, ఆఫ్‌సైడ్ అంటే సగం సగం తెలిసి, పొద్దున్నే డ్యూటీకి వెళ్లాల్సిన మనిషి కూడా దీన్ని కడుపునిండా చూడొచ్చు. కాస్త ముందుచూపు కావాలి.

మొదట ఒక జట్టును మీది చేసుకోవాలి

‘ఎవరు గెలిస్తే ఏంటి, మంచి ఆట చూస్తే చాలు’ అనుకుని మొదలుపెడితే రెండో వారానికల్లా నిద్రదే గెలుపు. రాత్రి పన్నెండున్నరకి లేపి కూర్చోబెట్టేది మంచి ఆట మీద ఆశ ఒక్కటే అయితే సరిపోదు. మనవాళ్లు ఆడుతున్నారన్న గుబులు ఉండాలి.

నాకు నా జట్టు 1998 జూలై 4న దొరికింది. మార్సే నగరంలో క్వార్టర్ ఫైనల్, నెదర్లాండ్స్‌తో అర్జెంటీనా. మనకి రాత్రి ఎనిమిదింటికి మొదలైంది కాబట్టి నన్నూ కూర్చోనిచ్చారు. నాన్న అర్జెంటీనా, వేరే చెప్పక్కర్లేదు. 1-1 మీద తొంభయ్యో నిమిషం దగ్గరపడుతుండగా ఫ్రాంక్ డి బోర్ తన సగంలోంచి ఎత్తుగా, పొడుగ్గా ఒక బంతి వేశాడు. బెర్గ్‌క్యాంప్ దాన్ని గాల్లోనే కాలితో ఆపి, రెండో తాకుడులో డిఫెండర్‌ని పక్కకి తప్పించి, మూడో తాకుడులో గోల్‌లోకి కొట్టాడు. మూడే తాకుళ్లు. నాన్న తల పట్టుకున్నారు. నేను మాత్రం నారింజ చొక్కాల నెదర్లాండ్స్‌కి అప్పుడే అభిమానినైపోయాను. ఇప్పటికీ అంతే.

మీకింకా అలాంటి జట్టు లేకపోతే తొందరపడకండి. టోర్నీకి రెండు మూడు వారాల ముందు పాత ప్రపంచకప్ మ్యాచ్‌లు నాలుగైదు వెతుక్కుని చూడండి. పూర్తి మ్యాచ్‌లే చూడండి, ఐదు నిమిషాల ముక్కల్లో గోల్స్ కనిపిస్తాయి కానీ జట్టు స్వభావం కనపడదు. ఎవరి ఆట చూస్తుంటే తెలియకుండానే సోఫా అంచుకి జరుగుతారో వాళ్లే మీ జట్టు. ఒక్క స్టార్‌ని చూసి ఎంచుకోవద్దని మాత్రం నా మాటగా చెప్తాను. ఆటగాడు పదేళ్లు ఆడి వెళ్లిపోతాడు, చొక్కా ఉంటుంది. అలాగే ఓడిపోగానే జట్టు మార్చకండి. అలా మార్చినవాళ్లకి గెలుపు రుచి కూడా సగమే తెలుస్తుంది.

పెద్ద జట్టుతో పాటు ఒక చిన్న జట్టును కూడా దగ్గర చేసుకోండి. ఈసారి మొట్టమొదటిసారి ప్రపంచకప్‌కి వస్తున్నవి కేప్ వెర్డీ, కురసావ్, జోర్డాన్, ఉజ్బెకిస్థాన్. కురసావ్ జనాభా సుమారు లక్షన్నర, అంటే మన దగ్గర ఒక మున్సిపాలిటీ పట్టణమంత. ఇంతకన్నా తక్కువ జనాభా ఉన్న దేశం ఏదీ ఇప్పటిదాకా ప్రపంచకప్‌కి రాలేదు. అంత చిన్న ద్వీపం జర్మనీ ఉన్న గ్రూపులో ఆడబోతోంది. జాతీయగీతం మొదలైనప్పుడు ఆ పదకొండు మంది మొహాలు చూడటానికైనా ఒక రాత్రి మేలుకోవాలి.

గోడ మీద చార్టు, తేదీల చిక్కు

పెద్ద డ్రాయింగ్ షీటు ఒకటి తెచ్చి చేత్తో చార్టు గీయండి. ఫోన్‌లో అన్నీ ఉంటాయి, నిజమే. కానీ చేత్తో గీస్తేనే ఏ గ్రూపులో ఎవరున్నారో బుర్రకెక్కుతుంది, ఇంట్లోవాళ్లకి కూడా దారిన పోతూ ఒక చూపు పడుతుంది. మా అమ్మకి ఫుట్‌బాల్ పరిచయం చేసింది ఆ చార్టే. పప్పు కలియబెట్టి వచ్చి ‘ఈ సెనెగల్ వాళ్లు ఏమయ్యారు?’ అని అడిగేది.

లెక్క ఇది. 48 జట్లు, నాలుగేసి చొప్పున 12 గ్రూపులు. ఒక్కో జట్టుకి మూడు మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. ప్రతి గ్రూపులో మొదటి రెండు స్థానాల వాళ్లు, మూడో స్థానంలో నిలిచిన పన్నెండింటిలో మెరుగైన ఎనిమిది, మొత్తం 32 జట్లు నాకౌట్‌కి వెళ్తాయి. గ్రూపుల్లో 72 మ్యాచ్‌లు, నాకౌట్‌లో 32, అన్నీ కలిపి 104. కప్పు ఎత్తాలంటే ఎనిమిది మ్యాచ్‌లు ఆడాలి. మూడో స్థానాల కోసం చార్టు కింద విడిగా ఒక పట్టీ వదలండి. ఈ పద్ధతిలో అసలు ఉత్కంఠ అక్కడే ఉంటుంది, ఆ పట్టీని పెన్సిల్‌తోనే రాయండి.

సమయాల దగ్గర చాలామంది దెబ్బతింటారు. న్యూయార్క్ కంటే మనం తొమ్మిదిన్నర గంటలు ముందున్నాం, డాలస్ కంటే పదిన్నర, మెక్సికో సిటీ కంటే పదకొండున్నర, సియాటిల్, లాస్ ఏంజెలెస్ కంటే పన్నెండున్నర. న్యూయార్క్‌లో మధ్యాహ్నం 3 అంటే మనకి రాత్రి 12:30. సియాటిల్‌లో సాయంత్రం 6 అంటే మనకి మర్నాడు పొద్దున 6:30. అంటే వాళ్ల తేదీ ఒకటి, మన తేదీ మరొకటి. ప్రారంభ మ్యాచ్ జూన్ 11దే, కానీ మనకి గురువారం రాత్రి దాటి శుక్రవారం 12వ తేదీ పన్నెండున్నరకి. చార్టులో మన తేదీ, మన టైమ్ మాత్రమే రాయండి. ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం’ అని రాసుకున్నా తప్పులేదు. నేనలాగే రాస్తాను, ఒక్క మ్యాచ్ కూడా తప్పలేదు.

104లో ఎన్ని చూడాలి

అన్నీ చూడాలని దీక్ష పట్టకండి. ఒక్కో మ్యాచ్ రెండు గంటలు, మొత్తం రెండు వందల గంటలు పైమాటే. ఒళ్లు పాడవుతుంది, ఆట మీద విసుగొస్తుంది, ఆ విసుగే పెద్ద నష్టం. నేనైతే ఇలా ఏరుకుంటాను. ప్రారంభ మ్యాచ్. నా జట్టు ఆడే ప్రతి మ్యాచ్. కొత్తగా వచ్చిన నాలుగు దేశాలవీ ఒక్కొక్కటి. గ్రూపు దశలో ఆఖరి మ్యాచ్‌లు వీలైనన్ని. నాకౌట్ మొదలయ్యాక పొద్దున ఆరున్నర మ్యాచ్‌లు కాఫీతో పాటు, రాత్రి తొమ్మిదిన్నరవి భోజనం అయ్యాక. నడిరాత్రి మూడున్నరకి వచ్చేవాటిలో నా జట్టు ఉంటేనే అలారం.

చూడలేకపోయిన మ్యాచ్‌ని రికార్డింగ్‌లో చూడాలనుకుంటే లేవగానే ఫోన్ ముట్టుకోకండి. వాట్సాప్ గ్రూపులన్నీ రాత్రే మ్యూట్‌లో పెట్టండి. స్కోరు తెలిశాక చూసే మ్యాచ్, చివరి పేజీ ముందే చదివేసిన డిటెక్టివ్ నవల ఒకటే.

ఇల్లు, వంటిల్లు, వాన

ఈ టోర్నీ మనకి సరిగ్గా మృగశిర కార్తెలో మొదలవుతుంది, బడులు తెరిచే రోజుల్లో. రెండు ఇబ్బందులు ఖాయం. ఒకటి, జోరువాన పడితే డిష్ సిగ్నల్ పోతుంది, కరెంటూ పోవచ్చు. ఫోన్ నిండా ఛార్జింగ్, డేటా మిగుల్చుకుని పక్కన పెట్టుకోండి. ఏ ఛానల్, ఏ యాప్ చూపిస్తున్నాయో వారం ముందే తెలుసుకుని చందా కట్టేయండి, మ్యాచ్‌కి పది నిమిషాల ముందు ఓటీపీ కోసం ఎదురుచూసే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఇంకో సంగతి, ఇంటర్నెట్ ప్రసారం టీవీ కంటే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం వెనకబడి వస్తుంది. పక్కింట్లో టీవీ ఉండి మీరు ఫోన్‌లో చూస్తుంటే మీ గోల్ కేక రూపంలో గోడ దాటి ముందే వచ్చేస్తుంది. అలాంటప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ఒక్కటే మార్గం.

రెండో ఇబ్బంది ఇంట్లోవాళ్ల నిద్ర. హాల్లో పడుకునే పెద్దవాళ్లుంటే మొదటిరోజే మాట్లాడుకోండి, టీవీనే లోపలి గదిలోకి మార్చండి. ముప్పై తొమ్మిది రోజులు ఒకరి నిద్ర పాడుచేసి చూసే ఆట ఇంట్లో ఎవరికీ నచ్చదు. పిల్లలు చూస్తామంటే పొద్దున మ్యాచ్‌లకి లేపండి, బడికి వెళ్లేలోపు ఫస్టాఫ్ అయినా చూస్తారు. రాత్రి మ్యాచ్ ఉన్న రోజు మీరు సాయంత్రం ఏడింటికి గంటన్నర కునుకు తీయండి. మ్యాచ్ అయ్యాక పడుకునే మూడు గంటల నిద్రకి ఇది తోడైతేనే మర్నాడు మనిషిలా తిరగగలరు.

తిండి తేలిగ్గా, ముందే చేసి పెట్టుకున్నదై ఉండాలి. రాత్రి ఒంటిగంటకి మిక్సీ తిప్పితే ఇల్లంతా లేస్తుంది. మరమరాల్లో వేయించిన పల్లీలు, కరివేపాకు, ఎండుమిరపకాయలు వేసి డబ్బా నిండా చేసి ఉంచితే వారం వస్తుంది. అటుకుల పోపూ అంతే. ఫ్లాస్కులో టీ. ఈసారి ప్రతి సగం మధ్యలో మూడేసి నిమిషాల నీళ్ల విరామం పెట్టారు, దాదాపు 22వ నిమిషంలో. టీ పోసుకోవడానికి లేచే సమయం అదే. కార్నర్ కిక్ అప్పుడు మాత్రం లేవొద్దు.

ఆఫ్‌సైడ్, స్టీలు గ్లాసులతో

ఫుట్‌బాల్ నియమాలు నిజానికి తక్కువ. చిక్కంతా ఆఫ్‌సైడ్ దగ్గరే. ఇది మా అమ్మకి భోజనాల బల్ల మీద చెప్పాను, మీరూ అలాగే చేసి చూడండి.

బల్లకి ఒక చివర పెద్ద గిన్నె పెట్టండి, అది గోల్. గిన్నె ముందు ఒక ఇత్తడి చెంబు, గోల్‌కీపర్. చెంబుకి జానెడు ముందు వరసగా నాలుగు స్టీలు గ్లాసులు, డిఫెండర్లు. దాడి చేసే జట్టుకి రెండు టీ కప్పులు. ఒక కప్పు బల్ల మధ్యలో, దాని పక్కన బంతిగా ఒక చింతగింజ. రెండో కప్పును గ్లాసుల వరస దాటించి చెంబు వైపు పెట్టండి. ఇప్పుడు మొదటి కప్పు చింతగింజను ముందుకి తోసింది. తోసిన ఆ క్షణంలో రెండో కప్పుకీ గిన్నెకీ మధ్య ఎంతమంది ఉన్నారు? చెంబు ఒక్కటే. కనీసం ఇద్దరుండాలి, లేదా ఆఖరి నుంచి రెండోవాడితో సమంగానైనా ఉండాలి. లేదు కాబట్టి ఆఫ్‌సైడ్. అదే కప్పు గ్లాసుల వరసలోనే నిలబడి, చింతగింజ కదిలాక ముందుకి దూకితే? ఆఫ్‌సైడ్ లేదు. బంతి చేరినప్పుడు ఎక్కడున్నాడన్నది లెక్కలోకి రాదు, బంతి వేసినప్పుడు ఎక్కడున్నాడన్నదే లెక్క. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్‌ల నుంచి నేరుగా వచ్చిన బంతికి, ఇంకా ఆటగాడు తన సగంలోనే ఉన్నప్పుడు ఆఫ్‌సైడ్ ఉండదు.

ఇప్పుడు ఆ నాలుగు గ్లాసుల్నీ చెంబుకి దూరంగా, బల్ల మధ్య దాకా జరపండి. వెనకాల బోలెడు ఖాళీ. చూడ్డానికి పిచ్చిపని. 2022 నవంబర్ 22న సౌదీ అరేబియా అర్జెంటీనా మీద సరిగ్గా ఇదే చేసింది. ఆ ఖాళీలోకి అర్జెంటీనా పరిగెత్తింది, మొదటి సగంలోనే మూడుసార్లు బంతి గోల్‌లోకి వెళ్లింది, మూడూ ఆఫ్‌సైడ్. రెండో సగం మొదలవగానే ఐదు నిమిషాల తేడాలో సౌదీ రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిచింది. ‘గ్లాసులు నలుగురూ ఒకేసారి కదలకపోతే?’ అని అమ్మ అడిగింది. ఒక్క గ్లాసు వెనకబడితే చాలు, వల తెగిపోతుంది. ఆ ప్రశ్న వచ్చిందంటే ఆట అర్థమైనట్టే.

మిగతావి చూస్తుంటేనే తెలిసిపోతాయి. ఎల్లో కార్డు అంటే రెఫరీ హెచ్చరిక, రెడ్ కార్డు అంటే మైదానం వదిలి వెళ్లడమే. రెండు వేర్వేరు మ్యాచ్‌ల్లో ఎల్లో కార్డు పడితే తర్వాతి మ్యాచ్ ఆడకుండా కూర్చోవాలి, కాబట్టి కార్డులు కూడా చార్టు పక్కన రాసుకోండి. గోల్, పెనాల్టీ, రెడ్ కార్డు విషయాల్లో రెఫరీ వీడియో చూసొచ్చి నిర్ణయం మారుస్తాడు, అందుకని గోల్ పడగానే సంబరంలో సగం దాచుకోండి.

బంతి మీద నుంచి చూపు తీయడం

క్రికెట్ అలవాటుతో మనం ప్రతి బంతికీ ఏదో ఒకటి జరగాలనుకుంటాం. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలకి రెండు గోల్స్ పడితే ఎక్కువ. ‘ఏం జరగట్లేదు’ అనిపించే ఆ మిగతా ఎనభై ఎనిమిది నిమిషాల్లోనే ఆటంతా ఉంది. దాన్ని చూడటం నేర్చుకోవాలి, నేర్చుకుంటే వస్తుంది.

మొదటి పది నిమిషాలు మామూలుగా చూడండి. తర్వాత పది నిమిషాలు బంతిని వదిలేసి ఒక్క ఆటగాడినే చూడండి, మిడ్‌ఫీల్డ్‌లో మధ్యన ఆడేవాడైతే మంచిది. బంతి రాకముందు ఎన్నిసార్లు తల తిప్పి వెనక్కి చూసుకుంటున్నాడో లెక్కపెట్టండి. గొప్పవాళ్లు బంతి కాలికి చేరకముందే తర్వాత ఎటు వేయాలో తేల్చుకుని ఉంటారు. బంతి లేనప్పుడు ఎటు నడుస్తున్నాడు, ఎవరిని తన వెంట లాక్కెళ్తున్నాడు, ఆ ఖాళీలోకి ఎవరొస్తున్నారు అని చూడండి. తర్వాతి పది నిమిషాలు బంతి పోగొట్టుకున్న జట్టు మొదటి ఐదు సెకన్లు ఏం చేస్తుందో మాత్రమే చూడండి. కొందరు మీదపడి లాక్కోవాలని చూస్తారు, కొందరు వెనక్కి పరిగెత్తి వరస కడతారు. కోచ్ ఏం అనుకున్నాడో అక్కడ బయటపడుతుంది.

రక్షణను చూసి ఆనందించడం రావాలంటే 2022లో మొరాకో ఆటలు వెతికి చూడండి. సెమీస్ చేరేదాకా ఐదు మ్యాచ్‌లలో వాళ్ల గోల్‌లోకి వెళ్లిన బంతి ఒక్కటే, అదీ కెనడాతో ఆడుతూ సొంత ఆటగాడే పొరపాటున వేసుకున్నది. స్పెయిన్, పోర్చుగల్ ఒక్క గోల్ కొట్టలేక ఇంటికెళ్లాయి. ప్రపంచకప్ సెమీస్‌కి వచ్చిన మొదటి ఆఫ్రికా జట్టు అలా తయారైంది. ఆ వరసలు విడిపోకుండా కుడికీ ఎడమకీ కలిసి కదలడం చూస్తుంటే నాకు కోలాటం గుర్తొస్తుంది.

ఆఖరి గ్రూపు మ్యాచ్‌ల రోజు: రెండు తెరలు

గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లు ఒకేసారి మొదలవుతాయి. దీనికో కారణం ఉంది. 1982లో స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. అల్జీరియా అప్పటికే తన మ్యాచ్‌లన్నీ ఆడేసింది. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకెళ్తారు, అల్జీరియా బయటికి. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది, ఆ తర్వాత రెండు జట్లూ కాళ్లు ముడుచుకున్నాయి. అల్జీరియాకి జరిగిన ఆ అన్యాయం తర్వాత 1986 నుంచి చివరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెడుతున్నారు.

ఆ రోజు టీవీలో ఒకటి, ఫోన్‌లో ఒకటి పెట్టండి. ఫోన్ సౌండ్ తీసేయండి. చార్టు గోడ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుని, గోల్ పడ్డప్పుడల్లా పాయింట్లు చెరిపి మళ్లీ రాయండి. 2022లో జపాన్ గ్రూపు ఆఖరి రాత్రి నేను అలాగే చూశాను. ఒక తెరలో జపాన్ 2-1తో స్పెయిన్ మీద, రెండో తెరలో కోస్టారికా 2-1తో జర్మనీ మీద. 70వ నిమిషం నుంచి మూడు నిమిషాల పాటు స్పెయిన్, జర్మనీ రెండూ బయటే. నా చేతిలో రబ్బరు ఆగలేదు. చివరికి జర్మనీ 4-2తో గెలిచి కూడా ఇంటికెళ్లింది. జపాన్ రెండో గోల్‌కి ముందు బంతి గీత దాటిందా లేదా అన్నది వీడియోలో తేల్చారు. బంతి అంచు మిల్లీమీటర్ల లెక్కన గీత మీదే ఉంది. జర్మనీ బయటికెళ్లడంలో ఆ మిల్లీమీటర్లది కూడా వంతు ఉంది.

సమాన పాయింట్లు వచ్చినప్పుడు ఏది ముందు లెక్కిస్తారో టోర్నీని బట్టి మారుతుంది. 2022 ప్రపంచకప్‌లో మొదట గోల్ తేడా చూశారు, యూరోలో, అంటే యూరప్ దేశాల కప్పులో, మొదట ఆ జట్ల ముఖాముఖి ఫలితం చూస్తారు. ఈ వరస టోర్నీకి ముందే చూసి చార్టు మూలన రాసి పెట్టుకోండి. 2018లో జపాన్, సెనెగల్ అన్నిట్లోనూ సమానమై, ఎల్లో కార్డులు తక్కువున్నందుకు జపాన్ ముందుకెళ్లింది. నాలుగు కార్డులకి ఆరు. అందుకే కార్డులు కూడా రాసుకోమన్నాను.

‘మనవాళ్లు లేరుగా’ అన్నప్పుడు

ఎవరో ఒకరు అంటారు. ఇండియా ఎప్పుడూ ప్రపంచకప్ ఆడలేదు, 1950లో చోటు దక్కినా వెళ్లలేదు. అది బాధే. కానీ ఈ ఆట మనది కాదన్నవాళ్లకి హైదరాబాద్ సంగతి చెప్పండి. సయ్యద్ అబ్దుల్ రహీం అనే హైదరాబాద్ బడిపంతులు శిక్షణ ఇచ్చిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయన్ని క్యాన్సర్ తినేస్తోంది, 1963లో పోయారు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీ గెలిచింది. ఇవన్నీ మన వీధుల్లో, మన మైదానాల్లో తయారైనవి. ప్రపంచకప్ చూస్తున్నప్పుడు నేను పరాయి ఇంట్లో కూర్చున్నట్టు ఎప్పుడూ అనుకోలేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి

మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లకే ఈసారి మ్యాచ్‌లు వస్తున్నాయి. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో తొమ్మిది మ్యాచ్‌లు, అందులో ఒక సెమీస్. అట్లాంటాలో రెండో సెమీస్. ఫైనల్ న్యూజెర్సీలో. అధికారిక సైట్ తప్ప ఇంకెక్కడా టికెట్టు కొనకండి. ఎండాకాలం పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలుంటే వాళ్లని కూడా ఒక్క గ్రూపు మ్యాచ్‌కైనా తీసుకెళ్లండి, చిన్న దేశాల మ్యాచ్ అయినా ఫర్వాలేదు. రెండు గంటలు ముందు చేరి, బయట ఆ దేశాలవాళ్లు డప్పులతో వచ్చే ఊరేగింపులో నడవండి. బ్యాగుల నిబంధన ముందే చదువుకోండి, అక్కడి స్టేడియాల్లో సాధారణంగా లోపలివి కనిపించే సంచులే రానిస్తారు.

నాకౌట్, ఓటమి

ఇక్కడి నుంచి డ్రా ఉండదు. తొంభై నిమిషాలకి సమమైతే అరగంట అదనపు ఆట, అప్పటికీ తేలకపోతే పెనాల్టీ షూటౌట్, అంటే గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా రెండు జట్లూ వంతులవారీగా కొట్టే కిక్కులు. కాబట్టి రాత్రి పన్నెండున్నర మ్యాచ్‌కి మూడున్నర దాకా మేలుకునేలా సిద్ధంగా ఉండండి. మధ్యలో లేచి వెళ్లొద్దు. 2022 ఫైనల్ రోజు మా బాబాయ్ వచ్చాడు. అర్జెంటీనా 2-0తో ముందుంది, డెబ్బై ఐదో నిమిషం దాకా ఫ్రాన్స్ నీరసంగా ఆడుతోంది. ‘అయిపోయిందిరా, పొద్దున సోమవారం’ అని చెప్పులేసుకుని బయల్దేరాడు. ఆయన ఇంటికి చేరేలోపు ఎంబాపె 80వ నిమిషంలో పెనాల్టీ, మరుసటి నిమిషంలో ఇంకో గోల్ కొట్టేశాడు. 3-3 అయి షూటౌట్‌లో అర్జెంటీనా గెలిచిన ఆ మ్యాచ్‌ని బాబాయ్ ఇప్పటికీ రికార్డింగ్‌లోనే చూశానని బాధపడతాడు.

మీ జట్టు ఓడిపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉండండి. ఎందుకంటే 48లో 47 జట్ల అభిమానులకి ఆ రాత్రి వస్తుంది. నాది 2022 డిసెంబర్ 9. క్వార్టర్స్, మళ్లీ నెదర్లాండ్స్, అర్జెంటీనా. సోఫాలో ఈ చివర నేను, ఆ చివర నాన్న. అర్జెంటీనా 2-0. 83వ నిమిషంలో మా వెగ్‌హోర్స్ట్ తలతో ఒకటి కొట్టాడు. ఇంజురీ టైమ్‌లో, అంటే మధ్యలో ఆట ఆగిన సమయానికి బదులు తొంభై తర్వాత కలిపే నిమిషాల్లో, 101వ నిమిషంలో, ఫ్రీకిక్. అందరూ గోల్ వైపు కొడతారనుకుంటే కూప్‌మైనర్స్ గోడలా అడ్డం నిలబడ్డ ఆటగాళ్ల పక్కనుంచి నేల మీద చిన్న పాస్ ఇచ్చాడు, వెగ్‌హోర్స్ట్ తిరిగి కొట్టాడు. 2-2. నేను ఎగిరి గంతేశాను, నాన్న కదల్లేదు. షూటౌట్‌లో మా మొదటి రెండు పెనాల్టీలనీ అర్జెంటీనా గోల్‌కీపర్ మార్టినెజ్ ఆపేశాడు. 4-3తో ఓడిపోయాం. నాన్న గెలిచారు, కానీ ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఒకటి నా చేతికిచ్చి పక్కన కూర్చున్నారు. 1998లో ఆయన తల పట్టుకున్నప్పుడు నేనేం చేశానో నాకు గుర్తు లేదు.

అందుకే ఓడిన రాత్రి టీవీ వెంటనే కట్టేయకండి. మీవాళ్లు మైదానంలో కూలబడితే చూడండి, ప్రేక్షకుల వైపు చేతులెత్తి నమస్కరించేదాకా ఉండండి. ఆ రాత్రి సోషల్ మీడియా జోలికి పోకండి, గెలిచినవాళ్లతో వాదన పెట్టుకోకండి. మర్నాడు మామూలుగా పనికి వెళ్లండి. రెండు రోజులు తిండి సహించకపోయినా కంగారుపడక్కర్లేదు. తర్వాతి మ్యాచ్‌కి మళ్లీ కూర్చోండి, మిమ్మల్ని ఓడించినవాళ్లు ఎంతదూరం వెళ్తారో చూడండి.

ఫైనల్ రాత్రి

జూలై 19 ఆదివారం, న్యూయార్క్ టైమ్ మధ్యాహ్నం 3. మనకి తెల్లవారితే సోమవారం, 20వ తేదీ 12:30. సెలవు చీటీ రెండు వారాల ముందే పెట్టేయండి. ఆదివారం మధ్యాహ్నం కడుపునిండా తిని పడుకోండి. పిల్లల్ని ఆ ఒక్క రాత్రికి మేలుకోనివ్వండి, బడి మర్నాడు కూడా ఉంటుంది. ఎదురింటివాళ్లని పిలవండి. ఒక్కడే చూసిన ఫైనల్ ఒక్కడికే గుర్తుంటుంది.

మ్యాచ్ అయ్యాక చార్టులో ఆఖరి గడి నింపి, వెనక్కి తిప్పి, తేదీ, ఆ రాత్రి గదిలో ఉన్నవాళ్ల పేర్లు, వాన పడిందా లేదా రాసి మడిచి దాచుకోండి. నాన్న నోట్‌బుక్‌లో 1986 జూన్ 29 పేజీ ఇలా ఉంటుంది: ‘అర్జెంటీనా 3, పశ్చిమ జర్మనీ 2. బుర్రుచాగా 84. గదిలో పదిహేడుగురం. కరెంటు పోలేదు.’